మోసేవాళ్ళు

గోల్‌మురి, జంషెడ్‌పూర్
2 డిసెంబర్ 2023

అన్నయ్యా,

నువ్వు నా ఫోను ఎత్తడం మానేసి రెండు వారాలు దాటింది. వదినకి చేస్తే "మీ అన్న గోడౌన్‌లో ఉన్నాడు" అంటుంది. వెనక నుంచి నీ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

నీ కోపం ఎందుకో నాకు తెలుసనే అనుకుంటున్నాను. మా దేవికీ మీ అమర్‌కీ లగ్నం పెట్టుకోవడానికి కార్తీకంలో పలాస వస్తామని చెప్పి రాలేకపోయాం. మీ బావకి సెలవు దొరకలేదు. కంపెనీలో షట్‌డౌన్ పనులు నడుస్తున్నప్పుడు క్రేన్ నడిపేవాణ్ణి ఎవరూ వదలరు. ఈసారికి క్షమించు.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. దేవి రక్తపరీక్షల ల్యాబులో చేస్తోందని తెలుసుగా. తనూ, తోటి పిల్లలు నలుగురూ కలిసి నెలకో ఆదివారం మార్కెట్ వెనకున్న మన తెలుగువాళ్ళ హాల్లో సైన్సు సభ పెడుతున్నారు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. వానాకాలంలో ఒకాయన పిడుగుల గురించి చెప్పాడు. అప్పట్నుంచి మీ బావ ఉరుము వినబడితే చాలు, స్కూటర్ ఆపేసి ఎవరి దుకాణంలోకైనా దూరిపోతున్నాడు. ఇంకోసారి సువర్ణరేఖ నది నీళ్ళ గురించి చెప్పారు. పోయిన నెల రాంచీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. విషయం తలసీమియా. పిల్లలకి ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు, తల్లిదండ్రుల నుంచి వచ్చేది.

ఆవిడ హిందీలో చెప్పింది. ముందు వరసలో కూర్చున్న మన ముసలమ్మలకి బజారు హిందీ వచ్చుగానీ ఆ హిందీ ఎక్కడ వస్తుంది? దేవి వచ్చి మైకు నా చేతిలో పెట్టేసింది. "మమ్మీ, ఆప్ బోలియే నా" అంది, నువ్వే చెప్పమని. నేనెప్పుడూ మైకు పట్టలేదు. అయినా ఆవిడ ఒక ముక్క చెప్పడం, నేను తెలుగు చెయ్యడం. జబ్బు పైకి కనబడకుండా ఒంట్లో దాని అంశ మాత్రం ఉన్నవాళ్ళని ఆవిడ "వాహక్" అంది. దాన్ని ఏమనాలో తోచక "మోసేవోళ్ళు" అన్నాను. ఆ ముసలమ్మల్లో సన్యాసమ్మ గారు వెంటనే "ఏటి మోత్తారమ్మా, బస్తాలా?" అని అడిగింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో నా భయం పోయింది.

ఒక్క మాట. పెళ్ళికి ముందు దేవి ఆ రక్తపరీక్ష చేయించుకుంటోంది. అమర్ కూడా చేయించుకుంటే మంచిది. ఇది ఉత్తరంలో చెప్పేది కాదు. ఫోను ఎత్తు.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
ఉమ


పలాస
11 డిసెంబర్ 2023

ఉమామహేశ్వరికి,

నా కోపానికి కారణం కార్తీకం కాదు, లగ్నమూ కాదు. మీ సభ జరిగిన సాయంత్రమే నాగేంద్రబాబు మీ ఊళ్ళోని భుయ్యాడీహ్ నుంచి నాకు ఫోను చేశాడు. మీ వదినకి పెత్తల్లి కొడుకు, అబద్ధాలాడే మనిషి కాదు. "బావా, నీ సెల్లి మైకు పట్టుకుని మేనరికాలు సేసుకునేవోళ్ళు మోసగాళ్ళని సెప్పింది. హాలంతా నవ్వినారు" అన్నాడు. నేను నమ్మలేదు. రెండు వారాలు ఓపిక పట్టాను. ఇప్పుడు నువ్వే రాశావు, హాలంతా నవ్విందని.

మన అమ్మానాన్నలది మేనరికం. వాళ్ళు ఎవరిని మోసం చేశారు?

దేవి పుట్టినప్పుడు మీ అత్తగారి ఎదుట "నా కోడలు" అన్నది నేనే. కాదనే హక్కు నీకుంది. దేవి చదువుకుంది, పట్నంలో పెరిగింది, జీడిపిక్కల మిల్లులో మేస్త్రీ కొడుకు ఇప్పుడు కంటికి ఆనడం లేదంటే ఆ మాట నేరుగా చెప్పు. రక్తమని, పరీక్షలని చుట్టూ తిప్పకు. నా కొడుకు రక్తం చూసి పిల్లనిచ్చే సంబంధం నాకు అక్కర్లేదు.

బావకి నమస్కారాలు. ఆయన మీద నాకు కోపం లేదు.

సూర్యం


గోల్‌మురి
18 డిసెంబర్ 2023

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత నాగేంద్రబాబు ఇంటికి ఆటోలో వెళ్ళాను. సభ రోజు మధ్యలో కరెంటు పోయింది కదా. ఆయన గుమ్మం దగ్గర, జనరేటర్ పక్కన నిలబడ్డాడట. "మోసేవోళ్ళు" అన్నది ఆయన చెవికి "మోసగాళ్ళు" అని తగిలింది. సగం వినేసి టీకి వెళ్ళిపోయాడు. "నానేటి సేసేదొదినా, ఆ జనరేటర్ రొదలో నాకలగే ఇనబడింది" అన్నాడు. నీకు ఫోను చేస్తానన్నాడు. చేసే ఉంటాడు.

ఇక నేను ఫోనులో చెప్దామనుకున్నది రాస్తాను. తొందరపడకుండా చదువు.

డాక్టరమ్మ తెర మీద ఒక పిల్లాడి ఫొటో చూపించింది. మొహం పాలిపోయింది, కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండలా ఉంది. నేను తెలుగు చెయ్యడం ఆపేశాను. జనం నేను హిందీ మరిచిపోయాననుకున్నారు. అన్నయ్యా, వాడు మన అప్పన్నలా ఉన్నాడు. నువ్వు తమ్ముణ్ణి భుజాన ఎక్కించుకుని రైలు గేటు దగ్గరికి తీసుకెళ్ళేవాడివి. నేను వెనకాల పరుగెత్తేదాన్ని. మూడేళ్ళు నిండకుండానే పోయాడు.

సభ అయ్యాక ఆవిడకి అప్పన్న సంగతి చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత కచ్చితంగా చెప్పలేం గానీ, అదే అయ్యుండొచ్చు అంది. మీ మిల్లు భాషలో చెబుతాను. రక్తం తయారయ్యే పనికి ప్రతి మనిషికీ రెండు గింజలుంటాయనుకో. తల్లిచ్చింది ఒకటి, తండ్రిచ్చింది ఒకటి. ఒకటి పుచ్చినా రెండోది పని నడిపిస్తుంది. ఆ మనిషికి ఏమీ తెలియదు, హాయిగా బతుకుతాడు. మోసేవాళ్ళంటే వాళ్ళే. అలాంటివాళ్ళిద్దరు పెళ్ళాడితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు, బిడ్డకి రెండూ పుచ్చువే వచ్చే ప్రమాదం ఉంటుంది. ఒకే ఇంటి గింజలు రెండు వైపులా ఉంటే ఆ ప్రమాదం ఎక్కువ. మేనరికం వద్దని ఎవరూ అనలేదు. చూసి చేసుకోమన్నారు.

నాకూ దేవికీ పరీక్షల ఫలితాలొచ్చాయి. ఇద్దరికీ ఉంది.

అమర్ ఆనకపోవడమా? వాడు మా ఇంట్లో ఉన్నట్టే దేవి సగం రోజు వాడితో ఫోనులో మాట్లాడుతుంది. నా మేనల్లుడు నాకు కావాలి కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఉమ


పలాస
27 డిసెంబర్ 2023

ఉమకి,

నాగేంద్రబాబు ఫోను చేశాడు. ఆ సంగతి అయిపోయింది.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. ఇద్దరం ఆలోచించుకుని రాస్తున్నాం. దేవికి జబ్బుందని తెలిసి వెనక్కి తగ్గే మనుషులం కాదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంటుంది. శ్రీకాకుళంలో మంచి డాక్టర్లున్నారు, అమర్ ఉంటున్న విశాఖలోనూ ఉన్నారు. మందులు మేమే ఇప్పిస్తాం. ఇంట్లో బరువు పని ఏదీ చెప్పం. మీ వదిన కాంతం ఇప్పుడే "కోడలు పిల్లకి బీట్‌రూటు రసం రోజూ ఇత్తాను" అంటోంది. నీకు నీ కూతురి మీద ఎంత ప్రేమో మాకూ అంతే. దిగులు పెట్టుకోకు.

అమర్‌కి పరీక్ష అక్కర్లేదు. వాడు మంచి దిట్టం. పదో తరగతిలో జిల్లా స్థాయి కబడ్డీ ఆడాడు.

ఒక్కటే కోరేది. అమ్మానాన్నల రక్తం పుచ్చుదని ఇంకెప్పుడూ రాయకు. పోయినవాళ్ళు జవాబు చెప్పుకోలేరు.

అన్నయ్య


గోల్‌మురి
5 జనవరి 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివాడు. తర్వాత "మీ అన్నలాంటోడు ఎక్కడుంటాడే" అన్నాడు. దేవికి చదివి వినిపిస్తే నవ్వింది, నవ్వుతూనే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

దేవికి జబ్బు లేదన్నయ్యా. మందులొద్దు, బీట్‌రూటూ వద్దు. నిన్న కూడా నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వెళ్ళి ఎవరో ముసలాయన రక్తం తీసుకొచ్చింది. నాకూ లేదు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఈ వయసులో బిందె ఎత్తుతున్నాను. భయమంతా ఇద్దరు మోసేవాళ్ళు కలిసినప్పుడే, అదీ పుట్టబోయే బిడ్డ గురించే. ఆ బిడ్డకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. దేవి ల్యాబులో అలాంటి పిల్లల్ని చూస్తుంది. వాళ్ళు సూదికి ఏడవరట, అలవాటైపోయి. 

కబడ్డీ ఆడినా మొయ్యొచ్చు. పైకి తెలియదు.

అమ్మ మాట ఎత్తవద్దన్నావు. ఈ ఒక్కసారికి ఎత్తుతాను. అప్పన్న కడుపులో ఉన్నప్పుడు గ్రహణం రోజున అమ్మ వీధిలోకి వచ్చిందని, అందుకే పిల్లాడు అలా పుట్టాడని నాన్నమ్మ నలుగురిలో అనేది. గుర్తుందా? అమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. తనూ నమ్మేసింది. చివరి రోజుల్లో నా చేతిలో చెయ్యి పెట్టి "నాను బయటికి రాకుండా ఉండాల్సింది తల్లీ" అంది. నేను అమ్మ రక్తాన్ని తప్పు పట్టడం లేదు. అమ్మ మీద వేసిన తప్పు తీసెయ్యాలని చూస్తున్నాను.

ఫిబ్రవరి పద్దెనిమిదిన అదే డాక్టరమ్మ మళ్ళీ వస్తోంది. ఈసారి హాల్లోనే రక్తం తీసుకుని పరీక్షకి పంపుతారట. నువ్వు రావాలి. నన్ను నమ్మొద్దు, ఆవిణ్ణే అడుగు.

ఉమ


పలాస
6 ఫిబ్రవరి 2024

ఉమా,

గణతంత్ర దినం సెలవుకి అమర్ విశాఖ నుంచి వచ్చాడు. అన్నం తిన్నాక నా పక్కన కూర్చుని, "నాన్నా, నాను ఆ పరీచ్చ సేయించుకున్నాను. నాకూ ఉంది" అన్నాడు.

నాకు చెప్పకుండా ఎందుకు చేయించుకున్నావని అడిగాను. "సెప్తే ఒద్దంటావు గదా" అన్నాడు. అనేవాణ్ణే.

వాడూ దేవీ ముందే మాట్లాడుకున్నారట. డాక్టరమ్మతో కూడా ఫోనులో మాట్లాడారట. పెళ్ళి చేసుకుని, కడుపులో ఉండగానే బిడ్డకి పరీక్ష చేయించే దారి ఒకటుందని ఆవిడ చెప్పిందట. "ఆ పరీచ్చ వచ్చేదాకా పెతిసారీ బయపడతా బతకాల నాన్నా. మా ఇద్దరికీ ఆ దారి ఒద్దనిపించింది. పెళ్ళి మానేద్దామని దేవే ముందు అన్నాది" అన్నాడు. వాడి మొహం చూడలేక వీధిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు మిల్లుకి వెళ్ళలేదు. కాశీబుగ్గలో ఒక ల్యాబుంటే వెళ్ళి నా రక్తం ఇచ్చాను. వాళ్ళు విశాఖ పంపారు. నిన్న కాగితం వచ్చింది. ఇరవయ్యో ఏట నుంచి బస్తాలు మోస్తున్నాను, ఇదీ మోస్తున్నానని తెలియలేదు.

అందరికీ చెప్పేశాను ఉమా, వైశాఖంలో పెళ్ళని. మిల్లు యజమానికి, మా వీధికి, మీ వదిన పుట్టింటివాళ్ళకి. ఇప్పుడేమని చెప్పను? అబ్బాయిలో ఏదో లోపమంటారు. లేకపోతే నా మేనకోడలిలో అంటారు. రెండో మాట అన్నవాణ్ణి నేను ఊరుకోను.

పద్దెనిమిదికి వస్తున్నాను. ఆ డాక్టరమ్మని ఒక్క ప్రశ్న అడగాలి.

సూర్యం


పలాస
24 ఫిబ్రవరి 2024

ఉమకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర ఖరగ్‌పూర్ రాకముందే అయిపోయింది. ఎదురు సీట్లో ఒక ఒడియా కుటుంబం ఉంటే వాళ్ళకీ పెట్టాను.

ఒక చిక్కు వచ్చింది. నాగేంద్రబాబు ఫోను చేసి, "బావ స్టేజీ మీద మాటాడితే ఆడోళ్ళు ఏడ్సినారు" అని మీ వదినకి చెప్పాడు. అప్పట్నుంచి ఇది "ఏటి మాటాడినావు, సెప్పు" అని నా ప్రాణం తీస్తోంది. నాకేమీ గుర్తులేదంటే నమ్మదు. నిజంగానే గుర్తులేదు. మైకు చేతికొచ్చింది, కళ్ళలో లైటు పడింది, అంతే. నాగేంద్రబాబు వినికిడి సంగతి మనకి తెలిసిందే. నువ్వే ఉన్నదున్నట్టు రాసి పంపు. చదివి వినిపిస్తాను.

దేవి స్టేషన్లో నా కాళ్ళకి దండం పెట్టి, నవ్వుతూనే ఉంది. ఎలా ఉంది?

అన్నయ్య


గోల్‌మురి
3 మార్చి 2024

అన్నయ్యకీ, వదినకీ,

వదినా, ఇది నీకోసం. మీ ఆయన మధ్యలో ఆపితే ఊరుకోవద్దు.

హాలు నిండిపోయింది. డాక్టరమ్మ చెప్పడం, నేను తెలుగు చెయ్యడం అయ్యాయి. పక్కన బల్ల వేసి, సూదులు, సీసాలు పెట్టుకుని దేవి కూర్చుంది. రక్తం ఇవ్వడానికి ఎవరూ లేవలేదు. వెనక వరసల్లో గుసగుసలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "మన ఆడగుంటకి ఉందని తేల్తే రేపెవుడు సేసుకుంటాడు?" ఆ భయం తప్పని నేనెలా అనగలను?

అప్పుడు అన్నయ్య లేచాడు. "అమ్మా, నాకో మాట సెప్పండి. గ్రాణం నాడు కడుపుతో ఉన్న మనిసి ఈదిలోకొత్తే, పిల్లడికి ఇది వత్తాదా?"

నేను హిందీలో అడిగాను. రాదు, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు అంది ఆవిడ.

"మరి ఎవులి తప్పు?"

"కిసీకీ గల్తీ నహీ" అంది. నేను మైకులో "ఎవులి తప్పూ కాదన్నియ్యా" అన్నాను. అంతమంది ముందు అన్నియ్యా అన్నానని తర్వాత తెలిసింది.

అన్నయ్య తల ఊపాడు. కూర్చుంటాడనుకున్నాను. నడిచి వచ్చి నా చేతిలో మైకు తీసుకున్నాడు. వదినా, ఆ మాటలు నాకు ఒక్కటి పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నా పేరు సూర్యం. మాది పలాస. నాకుంది. నా కొడుక్కుంది. ఈ నిలబడ్డది నా సెల్లి, దానికుంది. అదిగో ఆ బల్ల కాడ కూసున్నది నా మేనకోడలు, దానికుంది. ఆలిద్దరికీ పెళ్ళి సెయ్యాలనుకున్నాం. మానేసినాం. పెళ్ళి పోయింది గానీ సుట్టరికం పోనేదు. మా తమ్ముడు మూడేళ్ళు రాకుండా పోయినాడు. మాయమ్మ సచ్చిందాకా అది తన తప్పనే అనుకున్నాది. అప్పుడు మాకు సెప్పేవోళ్ళు నేరు. మీకున్నారు."

అంతే. మైకు నా చేతికిచ్చి వెళ్ళి కూర్చున్నాడు.

మొదట సన్యాసమ్మ గారు ఇద్దరు మనవరాళ్ళనీ చెయ్యి పట్టుకుని లేవదీసింది. తర్వాత విమలకుమారి టీచరు తన కూతురు క్రిస్టీతో. ఆ తర్వాత వరస గుమ్మం దాటి మెట్ల దాకా వెళ్ళింది. దేవికి తల ఎత్తే తీరిక లేదు. సీసాలు చాలక సోనారిలో ఇంకో ల్యాబు నుంచి తెప్పించారు.

దేవి ఎలా ఉందని అడిగావు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆపలేదు. మూడు రోజులు సరిగ్గా తినలేదు. నాలుగో రోజు అమర్ ఫోను చేస్తే తీసింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, పెట్టేశాక కంచం తెచ్చుకుంది. ఇప్పుడు వచ్చే నెల సభ పనిలో పడింది. ఈసారి పాముల గురించట. తెలుగు నువ్వే చెప్పాలంటోంది. పాము పేర్లు హిందీలో నాకేం తెలుసు?

ఉమ


పలాస
2 జూన్ 2024

ఉమా,

నీ ఉత్తరం మీ వదిన దిండు కింద పెట్టుకుంది. ఎవరు వచ్చినా తీసి నా చేత చదివిస్తోంది. అందుకే సిగ్గుపడి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇక్కడ అనేవాళ్ళు అన్నారు. అమర్‌లో లోపమన్నారు. నేను పిలిచి కూర్చోబెట్టి చెబుతున్నాను. కొందరు వింటున్నారు.

ఇవాళ అమర్‌కి ఒక సంబంధం చూడటానికి కాంతమూ నేనూ నౌపడా వెళ్ళాం. పిల్ల పేరు హైమావతి, డిగ్రీ చదివింది. తండ్రి సీతారామరావు బస్సు కండక్టరు. పిల్ల నచ్చింది. లేవబోయే ముందు మా సంగతంతా చెప్పి, పిల్లకి ఒక్క పరీక్ష చేయిస్తే చాలు, తనకి లేకపోతే బిడ్డలకి ఏ భయమూ ఉండదన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "మా గుంట రక్తం పరీచ్చ సేసి గానీ సేసుకోరా? ఎల్లిపోండి బావూ" అన్నాడు. మేం తెచ్చిన పళ్ళు తిరిగి కాంతం చేతిలో పెట్టేశాడు.

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. నేను రాసిందే. అందుకే నాకు కోపం రాలేదు. కాంతం లేచినా నేను లేవలేదు. "టీ తాగి ఎల్తానండి" అన్నాను. ఆయనకేం చెయ్యాలో తెలియలేదు. టీ వచ్చేలోగా అప్పన్న గురించి చెప్పాను. అమ్మ గురించి చెప్పాను. ఆయన వేరే వైపు చూస్తూ విన్నాడు.

గ్లాసు కింద పెడుతుంటే ఆ పిల్ల హైమావతి తలుపు దగ్గరికి వచ్చింది. తండ్రి ఎదుట నిలబడి నన్నే అడిగింది. "ఆ పరీచ్చ కడుపుతో ఉన్నోళ్ళకి కూడా సెయ్యొచ్చా అండి? మా అక్కని మా మేనమామకే ఇచ్చినారు. దానికిప్పుడు రెండో నెల."

సీతారామరావు కూతురి వైపు చూశాడు. 

వెంటనే దేవికి ఫోను చేశాను. ముందు భార్యాభర్తలిద్దరికీ రక్తం చూడాలని, ఇద్దరికీ ఉంటే అప్పుడు బిడ్డకని, ఇంకా సమయం ఉందని చెప్పింది. ఆ పిల్లతో తనే మాట్లాడింది, హిందీ తెలుగు కలిపి. సంబంధం సంగతి ఎవరూ ఎత్తలేదు. కుదురుతుందో లేదో తెలియదు.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే సీతారామరావు గుమ్మం దాకా వచ్చాడు. "రేపు పొద్దున్న శ్రీకాకుళం బస్సు నాదే. పెద్దమ్మాయినీ అల్లుణ్ణీ ఎక్కించుకుంటాను. ఆ డాక్టరుతో మాటాడ్డం నాకు రాదు. నువ్వూ ఎక్కుతావా బావూ?" అన్నాడు.

రేపు తెల్లవారుజామున బయల్దేరుతున్నాను.

మీ అన్నయ్య
సూర్యం